గాలి కంపెనీ పొలిమేర

మలేషియాలోని సుంగై సిపుట్‌లో పాతకాలం వాళ్ళని పట్టుకుని కన్నమ్మ ఇల్లెక్కడ అని అడిగితే, "ఏ కన్నమ్మ? గాలి కంపెనీ కన్నమ్మా?" అని ఎదురడుగుతారు. కంపెనీ మట్టిలో కలిసిపోయినా ఆ పేరు మాత్రం ఆమెకి ఇంటిపేరులా అతుక్కుపోయింది. కంపెనీకి ఇంగ్లీషులో పొడుగాటి పేరొకటి ఉండేది. విమానాల పక్కన నీలం రంగుతో రాయించారు. తోటల్లో పనిచేసే మనవాళ్ళకి అది నోరు తిరగలేదు. గాల్లో ఎగిరేది గనక గాలి కంపెనీ అన్నారు.

కన్నమ్మ పుట్టింది అక్కడి రబ్బరుతోటలోనే. మొగుడు కూర్మయ్య మాత్రం శ్రీకూర్మం దగ్గరి పల్లెలో పుట్టి, ఊహ తెలియని వయసులో తల్లి చంకనెక్కి ఓడలో వచ్చినవాడు. ఈ తేడా వాళ్ళిద్దరి మధ్య వేళాకోళానికి తప్ప దేనికీ పనికొచ్చేది కాదు. కూరలో ఉప్పెక్కువైనప్పుడల్లా కూర్మయ్య, "నువ్వు ఈ దేసంలో పుట్టిన దొరసానివి కదే, ఓడ దిగినోడికి ఏటి పెట్టినా సెల్లుద్ది" అనేవాడు. కన్నమ్మ గరిటె చూపించేది. కూతురు గుణవతి కంపెనీ మొదలయ్యేనాటికి ఇంకా పాకుతోంది.

నలభై ఎనిమిదిలో అడవిలోకి వెళ్ళిన కమ్యూనిస్టులకీ ఇంగ్లీషు సర్కారుకీ పోరు మొదలైంది. మలయ్‌వాళ్ళు దాన్ని దరురాత్ అన్నారు, మనవాళ్ళూ అదే మాట పట్టుకున్నారు. అడవివాళ్ళు తోటల దొరల్ని కాల్చారు, బస్సుల్ని తగలబెట్టారు, రైలు పట్టాలు పీకారు. సాయంత్రం అయిందంటే రోడ్డుమీద కుక్క కూడా కనిపించేది కాదు. పగలైనా సైన్యం బండి ముందొకటి వెనకొకటి లేకుండా తోటల జీతం పెట్టెలు కదలడానికి లేదు. సరిగ్గా అప్పుడే యుద్ధంలో విమానాలు నడిపి వచ్చిన కాల్డర్ దొరకి ఆలోచన తట్టింది. రోడ్డుమీద పోలేనివాడు గాల్లో పోతాడు కదా! ఇపో పట్నంలో తగరం గనులున్న ఒక చైనా షావుకారుని, అక్కడివాళ్ళు తౌకే అంటారు, భాగానికి పిలిచాడు. తోట చివర రబ్బరుచెట్లు కొట్టించి, మొద్దులు పీకించి, నేల చదును చేయించాడు. ఆ మొద్దులు పీకినవాళ్ళలో కూర్మయ్య ఒకడు. పీకినవాడికే గడ్డి కోసే పనీ, విమానం చక్రాలకి దిమ్మలు పెట్టే పనీ ఇచ్చారు. కన్నమ్మకి షెడ్డు ఊడ్చడం, వచ్చేపోయేవాళ్ళకి టీ కాచడం, గాలి ఎటు వీస్తోందో చెప్పే గుడ్డసంచీ చిరిగినప్పుడల్లా కుట్టడం.

మొదట ఒక్క విమానం. రెండంతస్తుల రెక్కలు, చెక్క ఎముకలు, వాటిమీద బిగించి రంగు పూసిన గుడ్డ. ఆ రెక్కమీద కన్నమ్మ మొదటిసారి చెయ్యి వేసి, ఉలిక్కిపడి తీసేసిందట.

"ఓలమ్మ, ఇది గుడ్డ! మావా, గుడ్డే!"

"అరవకే. దొర ఇంటే ఇనుమని సెప్పి ఎక్కించుకున్నోళ్ళంతా దిగిపోతారు" అన్నాడు కూర్మయ్య.

రెండేళ్ళలో ఒకటి మూడయ్యాయి. జీతం పెట్టెలు, టపా, మందులు, చెరువు చేపపిల్లలు, అట్టపెట్టెల్లో కిచకిచలాడే కోడిపిల్లలు, కాన్పు కష్టమైన దొరసానులు, పినాంగులో గుర్రప్పందేలకి పోయే గుమాస్తాలు... అన్నీ గాలి కంపెనీయే మోసింది. పినాంగు దీవిలోని జార్జ్ టౌన్‌కి రోజూ ఒక విమానం, సముద్రం వైపు తోటలకి ఒకటి, కొండల వైపు ఒకటి. ఆఫీసులో కిరాణి, అంటే లెక్కలు రాసే గుమాస్తా, గోపాలసామి ఉండేవాడు. తోట గుమాస్తాల కుటుంబం, తెలుగువాడే, ఇస్త్రీ చొక్కా మనిషి. దొర ఇంగ్లీషు కూలీలకీ, కూలీల మాట దొరకీ చేరవేసేది ఆయనే. అడవిలో ఒక తుపాకీ పేలితే కంపెనీకి పదిమంది ప్రయాణికులు పెరిగేవారు. ఆ సంగతి అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవారు కాదు.

అదే సమయంలో లైన్లని పిలిచే కూలీల ఇళ్ళ వరసలన్నిటినీ ఒకచోట చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. కంచె బయట ఉన్న పనికి పోవాలంటే గేటు దగ్గర ఒళ్ళంతా తడిమి పంపేవారు. తిండి బయటికి పోకూడదు. గుప్పెడు బియ్యం కూడా. పోతే అడవివాళ్ళకి పెట్టడానికే అని లెక్క. విమానాల మైదానం కంచె బయటే ఉంది. అందుకే కూర్మయ్యా కన్నమ్మా మధ్యాహ్నం లోపలికొచ్చి తిని మళ్ళీ పోయేవారు.

యాభై రెండులో, వాన ముసురులో, కొండల నుంచి వస్తున్న విమానం మైదానం అందక రబ్బరుచెట్లలో పడింది. నడిపేవాడు కాలు విరిగి బతికాడు. వెనక కూర్చున్న తోట ఆసుపత్రి కాంపౌండరు చచ్చిపోయాడు. అతన్ని బయటికి తీసినవాళ్ళలో కూర్మయ్య ఉన్నాడు. ఆ తర్వాత విమానాలు ఎగిరేవి గాని సీట్లు ఖాళీ. గనుల మేస్త్రీలు వచ్చి, షెడ్డులోకి తొంగిచూసి, టీ తాగి వెళ్ళిపోయేవారు. తౌకే తన భాగం తీసేసుకుంటానన్నాడని గోపాలసామి మెల్లగా చెప్పాడు.

కన్నమ్మకి అప్పుడు తోచింది. చెట్లు కొట్టి కొత్త నేల తెరిచారు. దానికి పొలిమేర ఏర్పడింది. కాని పొలిమేరని కాసే తల్లికి ఎవరూ ఏమీ పెట్టలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలమ్మలు తోటలో కలరా వచ్చినప్పుడు చేయించగా ఆమె చిన్నప్పుడు చూసింది. పుంజుని కోసి, ఆ నెత్తురూ పసుపూ బియ్యంలో కలిపి, ఒక మగవాడు ఊరి హద్దంతా తిరిగి చల్లుకుంటూ పోవాలి. పొలి చల్లడమంటే అదే. చల్లేవాడు ఆగకూడదు, వెనక్కి చూడకూడదు.

"నువ్వే పరిగెట్టాల. నీకే దమ్ముంది" అంది మొగుడితో.

"బియ్యం?"

"నేను తెస్తానులే."

"గేటుకాడ ఆడోళ్ళు తడిమితే?"

"గుడ్డసంచీ కుట్టడానికి ఇంటికి తెచ్చుకున్నాను కదా. కంపెనీ గుడ్డని ఎవరు ఇప్పి సూస్తారు?"

దొరకి గోపాలసామి చేత చెప్పించారు. కాల్డర్ దొర నవ్వాడు, కాని కాదనలేదు. ప్రయాణికులు మళ్ళీ వస్తారంటే ఆయన అప్పుడు దేనికైనా ఒప్పుకునేవాడే. పుంజు కంచె లోపల దొరక్కపోతే, పినాంగు నుంచి కోడిపిల్లల పెట్టెల పక్కన తనే గంప కట్టి తెచ్చాడు.

తెల్లవారుతుండగా పని జరిగింది. కన్నమ్మ గేటు దాటించిన గుడ్డసంచీ మడత విప్పి బియ్యం కుండలో పోసింది. కూర్మయ్య పంచె ఎగ్గట్టి, తలకి గుడ్డ చుట్టి, "పొలో పొలి! పొలో పొలి!" అని అరుస్తూ మైదానం చుట్టూ పరిగెత్తాడు. లాలాంగ్ గడ్డి మోకాళ్ళు దాటి ఉంది. అడవి అంచున మలుపు తిరిగేటప్పుడు మనిషి కనిపించక కేక ఒక్కటే వినిపించింది. షెడ్డు ముందు దొరా కిరాణీ నిలబడి చూశారు. కూర్మయ్య వగరుస్తూ వచ్చి, "కిరాణిగారూ, ఇమానం కన్నా నేనే బేగి తిరిగొచ్చినాను, దొరకి సెప్పండి" అన్నాడు. గోపాలసామి చెప్పాడు. దొర విరగబడి నవ్వి కూర్మయ్య వీపు తట్టాడు.

సంగతి తోటలన్నిటికీ పాకింది. తమిళులు, చైనావాళ్ళు కూడా, "నేలకి చెయ్యాల్సింది చేశారట" అని తృప్తిపడ్డారు. సీట్లు నిండాయి.

వారం తిరక్కుండానే అడవి అంచున కాపలా తిరిగే సిపాయిలకి గడ్డిలో ఎర్రబారిన బియ్యం కనిపించింది. చెట్టు మొదట్లో ఆకు కప్పిన కుండ, అడుగున ఇంకా గుప్పెడు గింజలు. పొలి చల్లగా మిగిలింది తల్లికని అక్కడే వదిలేయాలి, ఇంటికి తేకూడదు. వాళ్ళకి కనిపించింది వేరు. కంచె బయట, అడవి పక్కన, కుండలో దాచిపెట్టిన బియ్యం.

షెడ్డు ముందు అందరినీ నిలబెట్టి ఎవరు పెట్టారని అడిగారు. "నేనే" అన్నాడు కూర్మయ్య. గేటు ఎలా దాటించావంటే, "మొలలో దోపుకున్నాను" అన్నాడు. కన్నమ్మ నోరు తెరవబోయింది. ఆయన ఆమె వైపు చూడకుండా, ఆమె చంకలో ఉన్న గుణవతి వైపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది.

"ఎవరి కోసం పెట్టావు?" అని సిపాయిల ఇంగ్లీషు అధికారి పక్కన దుబాసీగా వచ్చిన తమిళాయన అడిగాడు.

"తల్లి కోసం."

"గుడెక్కడ?"

"గుడి నేదు."

"బొమ్మ? రాయి? శూలం?"

"ఏటీ నేదయ్యా. పొలిమేరే తల్లి."

తమిళాయన పట్నంలో పెరిగిన మనిషి. అమ్మవారి గుడి తెలుసు, పొంగలి తెలుసు, మేకని కోయడం తెలుసు. గుడీ బొమ్మా లేని దేవతకి అడవిలోకి బియ్యం విసరడం ఆయన వినలేదు. ఇంగ్లీషు అధికారికి ఏం చెప్పాడో గాని, ఇద్దరూ నవ్వారు. కూర్మయ్య తల తిప్పి దొర కోసం చూశాడు. ఆ పూట కాల్డర్ దొర విమానంతో పినాంగులో ఉన్నాడు. గోపాలసామి అక్కడే ఉన్నాడు. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

కూర్మయ్యని తీసుకుపోయారు.

అడవివాళ్ళకి తిండి పెట్టినవాడు ఈ దేశంలో పుట్టనివాడైతే ఓడ ఎక్కించి పంపేయొచ్చు. చట్టం అలా ఉంది. ఒక్క మాట చాలు, ఆ శిక్ష పడకుండా ఆపడానికి. 'నా మైదానంలో, నా కళ్ళముందు, నా విమానాల కోసం చల్లించాను' అని దొర ఒక్క మాట చెబితే చాలు. కన్నమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"దొరా, తమరు సూసినారు. పుంజు తమరే తెచ్చినారు."

కాల్డర్ దొర కూలీలతో గోపాలసామి చేతే మాట్లాడించేవాడు గాని, ఆయనకి తోట తమిళం వచ్చు. ఆమె తెలుగు సగం తెలుస్తుంది. చాలాసేపు పైపు తుడుచుకున్నాడు. "కన్నమ్మా, నా దగ్గర్నుంచి బియ్యం బయటికి పోయిందని నేనే చెబితే, రేపట్నుంచి జీతం పెట్టెలు మోయనివ్వరు. కంపెనీ పోతుంది. నీ పని పోతుంది, అందరి పనీ పోతుంది. కొంచెం వేడి చల్లారనీ. చెబుతాను."

"ఓడ ఎక్కించకముందే సెప్పాల దొరా."

"చెబుతానంటున్నానుగా."

బయటికొచ్చి గోపాలసామిని పట్టుకుంది. "అయ్యా, మీరైనా..."

"దొర చెబితే నేనూ చెబుతానమ్మా. దొర చెప్పకుండా కిరాణి చెబితే ఎవరు నమ్ముతారు? నన్నూ లోపల వేస్తారు." గొంతు తగ్గించి, "నువ్వు మాత్రం బియ్యం సంగతి ఎత్తకు. పిల్ల ఉంది" అన్నాడు.

నెలలు గడిచాయి. కూర్మయ్యని ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకి మార్చారు. గాలి కంపెనీకి మాత్రం అవే అన్నిటికన్నా మంచి రోజులు. మూడు విమానాలూ పొద్దున్నే లేచి సాయంత్రానికే నేల దిగేవి. నాలుగోది కొందామని తౌకే తొందరపెడుతున్నాడు. పొలి చల్లినాక ఆ నేలకి ఎదురులేదని ప్రయాణికులు కన్నమ్మ ముందే చెప్పుకుంటూ టీ తాగేవారు.

ఓడ ఖాయమైన రోజున కాల్డర్ దొర ఆమెని తనే విమానంలో పినాంగు తీసుకెళ్ళాడు. డబ్బు పుచ్చుకోలేదు. ఆమె గాల్లోకి లేచింది ఆ ఒక్కసారే. పిల్లని ఒళ్ళో అదుముకుని కిందికి చూస్తే, తమ మైదానం ఆరబెట్టిన తువ్వాలంత ఉంది. దాని చుట్టూ మొగుడు పరిగెత్తిన దారి ఎక్కడో ఆనవాలు దొరకలేదు.

రేవులో పోలీసులు వాళ్ళిద్దరికీ కాస్త సమయం ఇచ్చారు. కూర్మయ్య చిక్కిపోయి, గడ్డం మాసి ఉన్నాడు.

"ఏటే, గాల్లో వచ్చినావా?"

"ఊఁ."

"బయమేసినాదా?"

"నేదు."

"అబద్దం. పిల్లని సూడు, ఇంకా అదుముకునే ఉన్నావు." నవ్వాడు. పిల్లని ఎత్తుకున్నాడు. అది కొత్త చూసి ఏడ్చింది. దాన్ని తిరిగి ఇచ్చేస్తూ, "అక్కడ నాకెవులు తెలుసు? మా బాబు అన్నదమ్ములున్నారో నేదో. నా మాటింటే నవ్వుతారేమో కూడా" అన్నాడు.

"నేనూ వస్తాను మావా."

"వచ్చి? నువ్వూ పోతే ఇంక దొరకి గురుతు సేసేదెవులు? నువ్వు కంపెనీ ఒగ్గకు. రోజూ ఆయన కంటిముందు నిలబడు. సెప్తాడు. మంచోడే, బయస్తుడు అంతే."

దొర కాస్త దూరంలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కన్నమ్మ వెళ్ళి, "ఇంకా ఓడ కదల్లేదు దొరా" అంది. ఆయన ఓడ వైపు చూశాడు, ఆమె వైపు చూడలేకపోయాడు. "పొద్దు వాలకముందే తిరిగి ఎగరాలి" అన్నాడు.

మొగుడి మాట ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. పొద్దున్నే దొర బల్లమీద టీ పెట్టి, ఆయన తలెత్తేదాకా కదిలేది కాదు. ఏమీ అనేది కాదు. అలా నిలబడడమే ఆమె అడగడం. మొదట్లో ఆయన, "చూద్దాం కన్నమ్మా" అనేవాడు. తర్వాత తర్వాత తల ఊపేవాడు. తమిళ లైన్లోని పాపాత్తి ఇంకో తోటలో రెట్టింపు కూలికి పని ఉందని పిలిచినా కన్నమ్మ వెళ్ళలేదు. "ఆ తెల్లోడి మొహం చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటావే?" అని పాపాత్తి తమిళంలో తిట్టేది. శ్రీకూర్మం నుంచి ఎప్పుడైనా ఎవరి చేతనో రాయించిన కార్డు వచ్చేది. కూర్మయ్య ఉప్పు మడుల్లో పని చేస్తున్నాడు. ఒంట్లో బాగానే ఉందట. దొర ఏమన్నాడని ప్రతిసారీ అడిగేవాడు.

యాభై ఏడు వచ్చేసరికి రోడ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మెర్దేకా, అంటే స్వతంత్రం వచ్చిన పండక్కి కౌలాలంపూర్ పోయేవాళ్ళతో విమానాలు కిటకిటలాడాయి. అదే ఆఖరి నిండు ప్రయాణం. మరుసటి నెల నుంచి బస్సులు రాత్రిపూట కూడా తిరిగాయి. జీతం పెట్టెలు జీపులో, ఒక్క సిపాయితో, పాటలు పాడుకుంటూ పోయాయి. దూరం పోయేవాళ్ళకి ఇపో నుంచి పెద్ద విమానాలు వచ్చాయి. భయం ఉన్నన్నాళ్ళే గాలి కంపెనీకి గాలి ఉంది. ఒక విమానం రెక్కల గుడ్డ చెమ్మకి పుచ్చిపోయింది. దాని ఇంజను తీసి ఇంకోదానికి పెట్టారు, అదీ మొరాయించింది. నడిపేవాళ్ళు వెళ్ళిపోయారు. తౌకే వెళ్ళిపోయాడు. గోపాలసామి సైతం కౌలాలంపూర్‌లో వేరే ఉద్యోగం చూసుకుని, వెళ్ళేముందు కన్నమ్మకి ఒక చీర తెచ్చాడు. ఆమె పుచ్చుకుంది, కట్టుకోలేదు. తోటని దొరలు ముక్కలు చేసి అమ్మేస్తున్నారు. మైదానం కూడా ఒక ముక్కలో పోయింది.

కంపెనీ మూసేశారని కాగితం అంటించిన మర్నాడు, కాల్డర్ దొర షెడ్డులోకి వచ్చాడు. జుట్టు నెరిసింది, చొక్కా గుండీ ఒకటి ఊడింది.

"కన్నమ్మా, పద. చెప్పేస్తాను."

ఆమె చీపురు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని బయల్దేరింది. ఆయన కారు కూడా అమ్మేశాడు. ఇద్దరూ బస్సులో ఇపో వెళ్ళారు.

ఆఫీసులో కుర్చీలో ఇప్పుడు మలయ్ అధికారి, చిన్నవాడు, మర్యాదస్తుడు. ఆమెని కూడా కూర్చోమన్నాడు. కాల్డర్ దొర అంతా చెప్పాడు. పుంజు, కుండ, పరుగు, తను నవ్వడం, తర్వాత నోరు మూసుకోవడం. ఒక్క బియ్యం మడత సంగతి తప్ప. అది ఆయనకి తెలీదో, తెలిసే వదిలేశాడో కన్నమ్మకి ఈనాటికీ అర్థం కాలేదు. అధికారి చివరిదాకా విన్నాడు.

"ఇది నిజమే అయ్యుంటుంది. మా అమ్మమ్మా పొలంలో ఏదో చల్లించేది" అన్నాడు. తర్వాత కన్నమ్మకి అర్థమవ్వాలని నెమ్మదిగా, సులువైన మలయ్‌లో చెప్పాడు. పాత ఆజ్ఞ రద్దు చేయమని పైకి పంపొచ్చు. కాని అది రద్దయినంత మాత్రాన మనిషి రాలేడు. బయటి దేశపు మనిషి రావాలంటే ఇక్కడ ఏదైనా కంపెనీ, అతనికి పని ఇస్తామని పూచీ పడాలి. "మీ కంపెనీ పూచీ పడుతుందా, సార్?"

"మూసేశాను" అన్నాడు కాల్డర్ దొర.

"ఇంకెవరైనా?"

తోటలు ముక్కలై, ఉన్న కూలీలనే వెళ్ళగొడుతున్న ఏడాది అది. అధికారికీ తెలుసు. కాగితం పక్కన పెట్టి, ఆమెకి నీళ్ళు తెప్పించాడు.

తిరుగు బస్సులో, సుంగై సిపుట్ దగ్గర పడుతుండగా దొర, "అప్పుడు భయపడ్డాను, కన్నమ్మా" అన్నాడు.

"నేనూ బయపడినాను దొరా" అంది ఆమె.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. అప్పుడైనా తనని తిడుతుందేమోనని ఎదురుచూసినట్టు ఉన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది. బస్సు ఆగాక ముందు ఆయన దిగి, ఆమె దిగేదాకా నిలబడి, టోపీ తీసి, రైలు స్టేషను వైపు నడిచిపోయాడు.

ఇంట్లో గుణవతి అన్నం వండి కూర్చుంది. పదేళ్ళు దాటిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గాని నోటికి తమిళమే ముందొస్తుంది.

"దొర సొన్నారా అమ్మా?" అని అడిగింది.

"సెప్పినాడు. అంతా సెప్పినాడు."

"అప్పో, నాన్న వస్తాడా?"

ఆ పిల్లకి ఊహ తెలిసినప్పట్నుంచీ కన్నమ్మ ఒకటే జవాబు చెబుతూ వచ్చింది. దొర చెప్పిననాడు వస్తాడు అని. గుమ్మంలో చెప్పులు విడిచి, పిల్ల పక్కన కూలబడింది.

"రాడమ్మా" అంది.